కప్పులో ఏముందో చెప్పి పొయ్యండి



ఉగాది కార్యక్రమం బాగా జరిగిందని చాలామంది ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. పంచాంగ శ్రవణం, పిల్లల పద్యాలు, పంక్తి భోజనాలు అన్నీ సవ్యంగానే జరిగాయి. కానీ ఆ రోజు మన హాల్లోనే ఒక తప్పు జరిగింది. కార్యవర్గంలో ఉన్నవాళ్ళంగా అది మేమే మీకు చెప్పుకోవాలి. చెప్పకుండా ఊరుకుంటే ఆ తప్పు రెండోసారి చేసినట్టే.

మన సభ్యుల్లో ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్భై దాటాయి. షుగరు మొదలై ఇరవై ఏళ్ళు పైనే. నాలుక మీద అంత అదుపు ఉన్న మనిషిని మేము ఇంకొకరిని చూడలేదు. ఆ రోజు పంక్తిలో ఒబ్బట్టు వడ్డించబోతే ఆకుకు చెయ్యి అడ్డం పెట్టారు. పాయసం వద్దన్నారు. "నాకు కాఫీ ఒక్కటి చాలు నాయనా, చక్కెర లేకుండా" అంటూ హాలు మూలనున్న కాఫీ మిషను దగ్గరకు వెళ్ళారు. అక్కడున్న కుర్రాడు "షుగర్ హాకిల్ల తాతా" అని కప్పు అందించాడు. సాయంత్రం దాకా ఆయన మూడు కప్పులు తాగారు. కాస్త తియ్యగా అనిపించినా, పాలు మంచివేమోలే అనుకున్నారట.

రాత్రి ఇంట్లో మీటరు పెట్టి చూస్తే ఈమధ్య ఎన్నడూ లేనంత అంకె. వాళ్ళమ్మాయి మాకు ఫోను చేసింది. "అంకుల్, నిజం చెప్పండి, నాన్న ఒబ్బట్లు తిన్నారు కదూ?" అని అడిగింది. తినలేదమ్మా అంటే నమ్మలేదు. ఆయనను కాపాడడానికి మేము అబద్ధం చెబుతున్నాం అనుకుంది.

మర్నాడు హాలు శుభ్రం చేయిస్తుంటే చెత్తబుట్టలో కాఫీ ప్రీమిక్స్ కవరు దొరికింది. వెనక్కు తిప్పి చదివాం. దినుసుల పట్టీలో మొట్టమొదటి మాట చక్కెర. తర్వాత పాలపొడి. కాఫీ ఎక్కడో చివర. పట్టీలో దినుసులను బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం. అంటే ఆ పొడిలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది చక్కెరే. కుర్రాడు అబద్ధం ఆడలేదు. అతను నిజంగానే చక్కెర వెయ్యలేదు. వెయ్యాల్సిన పని లేకుండా ముందే కలిపి ఉంది. ఆ సంగతి అతనికి తెలియదు. కేటరింగు ఆయనకు తెలుసు, అడగలేదు కాబట్టి చెప్పలేదు. మేము డబ్బు కట్టాం కానీ అడగలేదు.

ఆ కాఫీ వల్లే షుగరు పెరిగిందని డాక్టర్లలాగా మేము తేల్చి చెప్పడం లేదు. కానీ ఒక మనిషి చక్కెర వద్దన్నాడు, మనం చక్కెర పోశాం. తర్వాత పెద్దాయన నవ్వుతూనే ఒక మాట అన్నారు: "మా ఇంట్లో నన్ను దొంగను చేశారయ్యా మీరు." ఆ నవ్వు మాకు నవ్వులా అనిపించలేదు. అందుకే ఈ రాత.

మన ఊళ్ళో కాఫీ గురించి మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం ఈ కర్ణాటకలోనే పండుతుంది. కాఫీ బోర్డు కచేరీ మన బెంగళూరులోనే ఉంది. మన తాతల కాలంలో కాఫీ పొడి ఎలా కొనేవాళ్ళో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సంచీ పట్టుకుని పొడి కొట్టుకు వెళ్తే, కొట్టాయన మొదట అడిగే ప్రశ్న "చికోరీ ఎంత వెయ్యమంటారు?" అని. పీబెర్రీ ఎంత, ప్లాంటేషన్ ఎంత, రోబస్టా ఎంత, చికోరీ ఎంత, అన్నీ బయటికే మాట్లాడుకునేవాళ్ళు. మన కళ్ళ ముందే తూచి, మర ఆడించి, వేడి వేడి పొడి కవర్లో పోసి, దాని మీద పెన్సిలుతో 80:20 అనో 70:30 అనో రాసి ఇచ్చేవాడు. ఇప్పటికీ అలాంటి కొట్లు ఉన్నాయి. వాళ్ళకు మా దండం.

చికోరీ అంటే విషం కాదు. అదొక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తారు. అందులో కెఫీన్ ఉండదు. డికాషన్‌కు నలుపు, చిక్కదనం, కాస్త చేదు ఇస్తుంది. మనలో చాలామందికి ఆ రుచే ఇష్టం. మా ఇళ్ళల్లోనూ వాడతాం, దాచుకునేదేమీ లేదు. కాబట్టి మేము చికోరీ మీద యుద్ధానికి బయలుదేరామని ఎవరూ అనుకోవద్దు. కలపడం తప్పు కాదు. కలిపిన సంగతి దాచి, కలపని దాని పేరు పెట్టి అమ్మడం తప్పు. మా వాదన ఇంతే.

ఈ తేడా చట్టానికి కూడా తెలుసు. మన ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. పాకెట్ మీద చికోరీ కలిపిన కాఫీ అని రాసి, కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అన్నది అంకెల్లో చెప్పాలి. మీ వంటింట్లో ఉన్న పాకెట్ తిప్పి చూడండి. 53:47 అని ఉన్నవీ దొరుకుతాయి. అంటే కాఫీ అని కొన్నదాంట్లో సగానికి దగ్గరగా వేరు పొడి. అయినా వాడు చెప్పాడు, మనం చదివి కొన్నాం. ఇద్దరికీ లెక్క సరి.

మరి అదే పొడి హోటలు వంటింట్లోకి వెళ్ళి, డికాషన్ అయి, స్టీలు లోటాలో మన ముందుకు వచ్చేసరికి ఆ అంకెలు ఎక్కడికి పోయాయి? గోడ మీద పెద్దక్షరాలతో ఫిల్టర్ కాఫీ అని ఉంటుంది, పక్కన ధర ఉంటుంది. అంతే. పాకెట్‌కు నోరుంది, లోటాకు నోరు లేదు. పాకెట్ కొని ఇంట్లో కాచుకునేవాడికి తెలిసే హక్కు ఉందట, హోటల్లో నిలబడి తాగేవాడికి లేదట. ఇదెక్కడి న్యాయం?

దర్శినులను మాత్రమే అని ఊరుకుంటే అది పక్షపాతం అవుతుంది. అక్కడ కప్పు ధర తక్కువ, కలిపేది మహా అయితే చికోరీ. కొన్నిచోట్ల పాలలోనే ముందుగా చక్కెర వేసి పెడతారు. మన పిల్లలు వెళ్ళే చల్లటి గదుల కాఫీ షాపుల సంగతి వేరు. అక్కడ ఒక కప్పు ఖర్చుతో దర్శినిలో ఇంటిల్లిపాదీ కాఫీ తాగవచ్చు. అక్కడ హేజల్‌నట్ కాఫీ అంటారు. చాలాసార్లు అందులో హేజల్‌నట్ గింజ వాసన కూడా తగిలి ఉండదు. సీసాలోంచి రెండు పంపులు కొట్టే పాకం అది: చక్కెర, నీళ్ళు, కృత్రిమ సువాసన. చల్లటి కాఫీ నురగ నురగగా నిలబడడానికి ఒక పొడి వాడతారు. అందులో పాలపొడి, చక్కెర, చిక్కదనానికి జాంతాన్ గమ్ లాంటివి ఉంటాయి. కాఫీ రంగు నిండుగా కనబడడానికి కారమెల్ రంగు వేసేవీ ఉన్నాయి. ఇవన్నీ అనుమతి ఉన్న పదార్థాలే. పాకెట్లో అమ్మితే 415 అనో 150డి అనో సంఖ్య వేసి చెప్పాల్సిన పదార్థాలే. కప్పులో పోసినప్పుడు మాత్రం మౌనం.

ఇంకో మాయ ఉంది. నాన్-డెయిరీ క్రీమర్. పేరు వింటే పాల సంబంధం లేనిదని ఎవరైనా అనుకుంటారు. పట్టీ చదివితే చాలావాటిలో సోడియం కేసినేట్ ఉంటుంది. అది పాలలోని ప్రోటీను నుంచి తీసిందే. పాలు పడని పిల్లవాడికి తల్లి ఆ పేరు నమ్మి తాగిస్తే ఏమవుతుంది? ఆ పొడిలో మిగతాది ఎక్కువగా గ్లూకోజు పాకపు పొడి, గట్టిపరిచిన వంటనూనె. ఇది కలిపి ఇచ్చి "పాల కాఫీ" అనే చోట్లు కూడా ఉన్నాయి. సోయా, బాదం లాంటి వాటితో చేసిన పానీయాన్ని డబ్బా మీద పాలు అని రాయకూడదని ఆహార భద్రతా సంస్థ స్పష్టంగా చెప్పింది. డబ్బా మీద పాలు అన్న మాటకు అంత గౌరవం ఉంటే, కప్పులో ఆ మాటకు ఎందుకు ఉండదు?

ఇలా అడిగితే వచ్చే జవాబులు మాకు కంఠస్థం. మన కార్యవర్గంలోనే వినిపించాయి కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, ధరలు. 2024, 2025లలో కాఫీ గింజల ధర ఎలా పెరిగిందో మాకు తెలుసు. బ్రెజిల్‌లో, వియత్నాంలో వాతావరణం దెబ్బకొడితే ఇక్కడ మన లోటా దాకా సెగ తగిలింది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ పాలు కూడా లీటరుకు నాలుగు రూపాయలు పెరిగాయి. హోటలు నడపడం తేలిక కాదు. మన తెలుగువాళ్ళే ఎంతోమంది ఈ వ్యాపారంలో ఉన్నారు, వాళ్ళ కష్టం మాకు పరాయిది కాదు. ధర పెంచండి, కడతాం. చికోరీ పెంచుతారా, పెంచి చెప్పండి, ఇష్టమైతే తాగుతాం. కానీ ధర అలాగే ఉంచామని చెప్పుకుంటూ లోపల కాఫీ తగ్గించడం అంటే తూకంలో రాయి పెట్టడమే. కిరాణా కొట్లో చేస్తే మోసం అంటాం. లోటాలో చేస్తే గిట్టుబాటు అంటామా?

రెండోది, వ్యాపార రహస్యం. మీ డికాషన్ ఎన్ని నిమిషాలు దించుతారో, గింజ ఏ రంగు వచ్చేదాకా వేయిస్తారో మాకు అక్కర్లేదు. అది మీ చేతి విద్య, మీ దగ్గరే ఉంచుకోండి. మేము అడిగేది లోపల ఏముంది అని. వైద్యుడు మందు ఎలా తయారవుతుందో చెప్పక్కర్లేదు, ఏ మందు ఇస్తున్నాడో మాత్రం చీటీ మీద రాయాల్సిందే కదా.

మూడోది, ఎవరూ అడగరు. ఈ జవాబులో నిజం ఉంది, అది మనకే తగులుతుంది. కాఫీ బాగుంది అనడానికి మనం చూసేది ఏమిటి? నల్లగా ఉండాలి, చిక్కగా ఉండాలి, నురగ పొంగాలి. ఆ నలుపు, ఆ చిక్కదనం చికోరీ చౌకగా ఇస్తుంది. అసలు కాఫీ డికాషన్ పల్చగా, కాస్త ఎర్రగా వస్తే "నీళ్ళ కాఫీ ఇచ్చాడు" అని మూతి తిప్పుకునేది మనమే. హోటలాయన మన మూతి చూసి నేర్చుకున్నాడు. ఈ తప్పులో మన వాటా మనం ఒప్పుకోవాలి.

నాలుగోది మా కార్యదర్శిగారి మాట: "ఒక కప్పు కాఫీకి ఇంత రామాయణమా? పండక్కి వచ్చినవాళ్ళను భయపెడతామా?" అని. ఆయన మీద మాకు గౌరవం ఉంది. ఈ సంఘానికి ఆయన పోసిన చెమట అందరికీ తెలుసు. కానీ భయపెట్టేది నిజం చెప్పడం కాదు. పెద్దాయన మీటరు చూసి ఆ ఇంట్లోవాళ్ళు పడ్డ భయం నిజం చెప్పకపోవడం వల్ల వచ్చింది. మూడు మాటల అట్ట ముక్క ఒకటి మిషనుకు అంటించి ఉంటే ఆయన మజ్జిగ తాగి ఇంటికి వెళ్ళేవారు.

చట్టం ఎంతవరకు తోడు వస్తుందో కూడా తెలుసుకుందాం. 2022 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, పది లేదా అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్ళు, కేంద్ర లైసెన్సు ఉన్నవి తమ మెనూలో ప్రతి పదార్థానికి కేలరీలు చూపాలి, పాలు, సోయా, గోధుమ, గింజపప్పులు లాంటి పడనివి ఉంటే ఆ సంగతి చెప్పాలి. పెద్ద కాఫీ షాపుకు వెళ్ళినప్పుడు మెనూలో ఇవి ఎక్కడున్నాయో వెతకండి, కనబడకపోతే అడగండి. 2022 జనవరి నుంచి బిల్లు మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు వెయ్యాలి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు చెయ్యడానికి ఆ నంబరు పనికొస్తుంది. 2006 ఆహార భద్రత చట్టం ఇంకో మాట కూడా అంటుంది: వేరే పదార్థానికి చెందిన పేరుతో అమ్మే ఆహారం తప్పుడు పేరు సరుకే. దానికి మూడు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. అదే చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొన్నవాళ్ళు ఎవరైనా రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత ఆహారాన్ని పరీక్ష చేయించుకోవచ్చు. ఇన్ని ఉన్నా, ఒకటి రెండు శాఖలున్న మన వీధి హోటలుకు చికోరీ శాతం గోడ మీద రాయాలనే నియమం లేదు. అక్కడ చట్టం కంటే మన నోరే పనిచెయ్యాలి.

ఇంట్లో పొడి గురించి అనుమానం ఉంటే చిన్న పరీక్ష ఉంది. ఆహార భద్రతా సంస్థ చెప్పినదే. గాజు గ్లాసులో నీళ్ళు పోసి పైన చెంచాడు పొడి చల్లండి. కాఫీ పొడి పైన తేలుతుంది. చికోరీ కొద్ది క్షణాల్లోనే గోధుమరంగు చారలు వదులుతూ కిందకు దిగుతుంది. ఇది ఫిల్టర్ పొడికి మాత్రమే, ఇన్‌స్టంట్ పొడి అంతా కరిగిపోతుంది. పిల్లల చేత చేయించండి, వాళ్ళకు ఆట, మనకు లెక్క.

ఇందులో అరకు రైతుల సంగతి కూడా ఉంది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడాది మన కొడగు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి కాఫీలకూ వచ్చింది. ఆ కొండల్లో గిరిజన కుటుంబాలు మిరియాల తీగల మధ్య, నీడన పెంచిన గింజకు అంత పేరు రావడం తెలుగువాళ్ళంగా మనకు గర్వమే. ఎవరైనా గుప్పెడు అరకు గింజలు వేసి, మిగతా వేరు పొడి నింపి, బోర్డు మీద అరకు అని రాస్తే మోసపోయేది తాగేవాడొక్కడే కాదు. ఆ రైతు పేరును కూడా పల్చన చేసినట్టు. కప్పులో నిజం చెప్పమని అడగడం గింజ పండించినవాడి పక్షాన నిలబడడం కూడా.

ఇక మన ఇంటి పని. పరులకు నీతులు చెప్పే ముందు మన హాలు సరిచేసుకోవాలి కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాం.

ఒకటి, మన కార్యక్రమాల్లో కాఫీ, టీ ఇచ్చే చోట పెద్ద అక్షరాలతో తెలుగులో, కన్నడలో ఒక అట్ట పెట్టాలి: చక్కెర ముందే కలిపారా లేదా, పాలా పాలపొడా క్రీమరా, చికోరీ ఎంత శాతం.

రెండు, చక్కెర కలపని పాలు, డికాషన్ విడిగా తప్పనిసరిగా ఉండాలి. ప్రీమిక్స్ మిషను పెట్టేది లేదు. మిషనుకంటే ఒక మనిషికి కూలి ఎక్కువ అవుతుంది. ఆ ఖర్చు ఎంతో లెక్క వేసి సమావేశంలో చూపిస్తాం. పూలదండలు రెండు తగ్గించుకుంటే సరిపోతుందని మా అంచనా.

మూడు, కేటరింగు ఒప్పందం కాగితం మీద ఈ వివరాలు రాయించుకోవాలి. నోటి మాట చాలదు.

నాలుగు, మన సభ్యుల్లో హోటళ్ళు, కాఫీ షాపులు ఉన్నవాళ్ళు తమ గోడ మీద ఒక్క వరుస రాయాలని వేడుకుంటున్నాం: మా కాఫీలో కాఫీ ఇంత, చికోరీ ఇంత. ముందుగా రాసినవాళ్ళ హోటల్లోనే మా తర్వాతి కార్యవర్గ సమావేశం పెడతాం. ఇది ప్రకటన అనుకున్నా పర్వాలేదు, నిజం చెప్పినవాడికి ఆ మాత్రం గిరాకీ రావాలి.

ఇక ఈ వారం మీరు ఎక్కడ కాఫీ తాగినా ఒక్క ప్రశ్న అడగండి. పోట్లాటగా వద్దు, పక్కింటివాళ్ళను అడిగినట్టు అడగండి: "చికోరీ ఎష్టు సార్? పాలలో చక్కెర వేశారా?" మొదటి రోజు నవ్వుతారు. పదిమంది అడిగిన రోజున వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వస్తారు. వందమంది అడిగిన రోజున గోడ మీద రాస్తారు.

పెద్దాయన ఇంటికి కార్యవర్గం తరఫున వెళ్ళి వచ్చాం. ఆ కవరు కూడా పట్టుకెళ్ళి వాళ్ళమ్మాయికి చూపించాం. ఆమె మొదటి మాట చదివి, తండ్రి వైపు చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి అందరికీ కాఫీ తెచ్చింది. ఆయన కప్పు అందిస్తూ, "నాన్నా, చక్కెర లేదు, చికోరీ ఇరవై పాళ్ళు" అంది.

మేము అడుగుతున్నది ఆ ఒక్క వాక్యమే.